ఐటీఐ చదివి ఆయా పనా?

పోయిన వార్షికోత్సవం నాడు భోజనాలయ్యాక వేపచెట్టు కింద కూర్చుని పాత సంగతులు చెప్పుకుంటుంటే, పదో తరగతి తమ్ముడొకడు మా దగ్గరికి వచ్చాడు. "అన్నా, మీలో ఒకరు వెల్డింగు మానేసి పిచ్చిపిల్లల ఆశ్రమంలో ఆయా పని చేస్తున్నారంట. నిజమేనా?" అని అడిగాడు. పక్కనున్న పిల్లలు గొల్లున నవ్వారు. మేమూ నవ్వాం. నవ్వేసి ఊరుకున్నాం గానీ ఆ రాత్రి బస్సులో ఆళ్లగడ్డ దాకా అదే మాట మా మధ్య నలిగింది. ఈ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం తమ్ముళ్లు ఫోను చేసినప్పుడు, ఆ పిల్లవాడికి ఇవ్వాల్సిన జవాబే రాద్దామనుకున్నాం. తమ్ముడూ, నీ మీద మాకు కోపం లేదు. నీ వయసులో మేమూ అలాగే అడిగేవాళ్లం.

మేము ముగ్గురం ఒకే బ్యాచ్. 1999లో ఇదే హాస్టల్లో ఉండి పదో తరగతి రాసినవాళ్లం. ఒకడు ఐటీఐలో వెల్డరు ట్రేడు ఒక సంవత్సరం చదివి, పన్నెండేళ్లు నంద్యాలలో వెల్డింగు షాపుల్లో పనిచేసి, 2013లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల ఆశ్రమానికి మారాడు. ఇంకొకడు సరిగ్గా దీనికి ఎదురు: ఇంటరు తరువాత ప్రత్యేక పాఠశాలలో ఏడేళ్లు హెల్పరుగా ఉండి, 2009లో ఆళ్లగడ్డలో లేత్ మిషను దగ్గర చేరాడు. మూడోవాడు ఫిట్టరు. ఏ ఫ్యాక్టరీలో చేరాడో అక్కడే ఉన్నాడు. ఇద్దరి మాటలూ విని, ఇద్దరితోనూ తగాదా పడటం వాడి పని. పేర్లు వేయొద్దనుకున్నాం. పేర్లు వేస్తే ఆ పిల్లలు ఎవరి పిల్లలో ఊరికి తెలిసిపోతుంది. కాబట్టి ఇందులో "మేము" అంటే ముగ్గురం. ముగ్గురికీ ఏకాభిప్రాయం లేనిచోట ఆ మాట కూడా రాస్తాం.

ముందుగా "పిచ్చిపిల్లలు" అనే మాట మానుకుందాం. పిచ్చి వేరు, బుద్ధిమాంద్యం వేరు, మస్తిష్క పక్షవాతం వేరు, ఆటిజం వేరు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేరుపేరునా రాసింది. 1995 నాటి పాత చట్టంలో ఏడే ఉండేవి. మన ఊళ్లలో మాత్రం ఇప్పటికీ రెండే: కుంటి, పిచ్చి.

వెల్డింగు షాపు సంగతి మీలో చాలామందికి తెలుసు. నంద్యాలలో ఆ పనికి కరువు లేదు. చుట్టూ వరి, పత్తి, రైసు మిల్లులు, కె.సి. కాలువ కింద ట్రాక్టర్లు. ట్రాలీ తొట్టెలు, గుంటకలు, గేట్లు, గ్రిల్లులు, ఇళ్లకు మెట్ల రెయిలింగులు, ఏదో ఒకటి ఉంటుంది. పని ఉంటే రాత్రి పదింటి దాకా, లేకుంటే రెండు రోజులు ఖాళీ. అద్దం లేకుండా ఆర్క్ చూస్తే ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. బంగాళాదుంప ముక్కలు కళ్ల మీద పెట్టుకుని పడుకున్న రాత్రులు మావాడికి లెక్క లేదు. ట్రాలీ కింద వెల్లకిలా పడుకుని వెల్డు కొడితే నిప్పురవ్వలు చొక్కా కాలరులోంచి లోపలికి జారుతాయి. నడుము పోయింది. డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు. బరువు ఎత్తని వెల్డరును ఏ మేస్త్రీ పెట్టుకుంటాడు?

అట్లా ఆశ్రమానికి వెళ్లాడు గానీ, ఏదో సేవాభావం పొంగి వెళ్లలేదు. మొదట పిలిచింది మంచాలకు అతుకులు వేయమని. రెండు రోజుల పని. ఆ రెండు రోజుల్లో వాడు చూసిందేమిటంటే, ఎనిమిదేళ్ల పిల్లవాడిని గోడకు ఆనించి కూర్చోబెట్టి అన్నం పెడుతున్నారు. మస్తిష్క పక్షవాతం. ఒళ్లంతా విల్లులాగా వెనక్కి లాగేస్తుంది. తల వెనక్కి వాలిపోతే ఆయమ్మ ఆ తలను అలాగే పట్టుకుని నోట్లో పప్పన్నం పోస్తోంది. పిల్లవాడు పొలమారి నీలంగా అయిపోతున్నాడు. ఆయమ్మది తప్పు అనలేం. ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఇరవై మందికి పెట్టాలి, గంటలో గిన్నెలు కడగాలి.

వారానికోసారి వచ్చే ఫిజియోథెరపిస్టు మేడం ఆ మరుసటి రోజు వచ్చి చెప్పింది: తల వెనక్కి వాల్చి ఎప్పుడూ పెట్టకూడదు, గొంతు తెరుచుకుని అన్నం ఊపిరి గొట్టంలోకి పోతుంది, ఊపిరితిత్తుల్లో చీము పడుతుంది. నిటారుగా కూర్చోబెట్టాలి. గడ్డం కాస్త కిందికి ఉండాలి. నడుము, మోకాలు, చీలమండ మూడు చోట్లా మూలమట్టం రావాలి. పాదాలు గాలిలో వేలాడకూడదు, కింద పలక ఉండాలి. మావాడికి ఇది వింటుంటే ఏ ప్రాణిశాస్త్రమూ గుర్తురాలేదు. మూలమట్టం అన్న మాట ఒక్కటే వినబడింది. అది వాడికి తెలిసిన మాట.

అక్కడొక కుర్చీ ఉండింది. ఏదో శిబిరంలో ఇచ్చింది. పెద్దవాళ్ల కొలతకు చేసింది. అందులో ఆ పిల్లవాడు కూర్చుంటే బావిలో బొక్కెన మాదిరి. మావాడు పాత సైకిలు గొట్టాలు, ప్లైవుడ్డు ముక్క, పాత స్కూలు బ్యాగుల పట్టీలు, పరుపు దుకాణంలో పారేసిన స్పాంజి తెచ్చి ఇంకొకటి కట్టాడు. మొదటిది చెడగొట్టాడు. వెడల్పు ఎక్కువైంది, పిల్లవాడు ముందుకు జారాడు. తొడల వెనుక ఎర్రగా ఒరుసుకుపోయింది. ఆ ఎరుపు పుండైతే మానడం కష్టమని మేడం గట్టిగానే తిట్టింది. మెషిన్ పార్టు తేడా వస్తే తీసి మళ్లీ చేస్తాం, ఇక్కడ తేడా పిల్లవాడి చర్మం మీద పడుతుంది. రెండోసారి మేడం టేపు పట్టుకుని కొలతలు చెప్పింది, వీడు రాసుకున్నాడు. తుంటి మీదుగా పట్టీని సూటిగా కాకుండా ఏటవాలుగా కిందికి లాగి కట్టాలని అప్పుడు తెలిసింది. కారులో సీటు బెల్టు ఎట్లా తుంటి ఎముకను పట్టుకుంటుందో అట్లా. పొట్ట మీద కడితే లాభం లేదు.

ఆ కుర్చీలో కూర్చున్న రోజు పిల్లవాడు పొలమారకుండా అన్నం తిన్నాడు. తిని, ఎదురుగా ఉన్న కిటికీలోంచి బయటికి చూశాడు. గోడకు ఆనించినన్నాళ్లూ వాడికి కనబడింది పైకప్పే. అంతే జరిగింది. పరుగెత్తలేదు, మాట్లాడలేదు. సినిమాల్లోలాగా ఏమీ అవ్వదు తమ్ముళ్లూ. కానీ మావాడు మంచాల పని అయిపోయినా అక్కడి నుంచి కదల్లేదు.

ఇంటికి పోయి చెప్పినప్పుడు అసలు గొడవ మొదలైంది. వాళ్లమ్మ మునిసిపాలిటీలో చీపురు పట్టిన మనిషి. "నాయనా, నేను ఇన్నేండ్లు ఊరి పెంట ఎత్తితిని. నువ్వు ఎత్తగూడదనే గదా నిన్ను హాస్టల్లో ఏస్తిని. కడాకు నువ్వూ ఆ పనికే పోతానంటివే!" అని ఏడ్చింది. ఈ మాటకు మావాడి దగ్గర జవాబు లేదు. పన్నెండేళ్ల తరువాత ఇప్పుడు కూడా పూర్తిగా ఉందని చెప్పలేం.

ఎందుకంటే ఆమె అన్నది అబద్ధం కాదు. పదేళ్లు దాటిన పిల్లవాడు గుడ్డల్లోనే దొడ్డికి పోతాడు. ఎవరో ఒకరు కడగాలి. కడిగేది ఎవరు? మేము నంద్యాల, ఆళ్లగడ్డ, కర్నూలు, ఇంకా రెండు మూడు ఊళ్లలో ఇట్లాంటి చోట్లు చూశాం. థెరపీ గదిలో ఒక రకం మనుషులు, బాత్రూము దగ్గర ఒక రకం మనుషులు. బాత్రూము దగ్గర ఉన్నవాళ్లు మన అమ్మలూ, మన అక్కలూ. మన ఫిట్టరు పట్టుకున్న పాయింటు ఇదే: "మనకు ఆ పని సహజంగా వస్తుందని లోకం అనుకుంటుంది. నువ్వు పోయి దాన్ని నిజం చేస్తివి." వాడి మాటలో విషం లేదు, బాధ ఉంది. సాంఘిక సంక్షేమ హాస్టళ్లు పుట్టిందే ఆ సహజాన్ని విరగ్గొట్టడానికి. శంకరన్ గారి లాంటి అధికారులు ఈ హాస్టళ్ల కోసం, రెసిడెన్షియల్ బడుల కోసం అంత కొట్లాడింది మనల్ని మళ్లీ బకెట్టు దగ్గరికి పంపడానికా?

కాదు. అయితే మేము ఇక్కడ ఒక తేడా చూస్తున్నాం. కోలారు గనుల దగ్గర పారిశుధ్య కార్మికుల ఇంట పుట్టిన బెజవాడ విల్సన్ గారు మనుషుల చేత మలం ఎత్తించే పని పోవాలని జీవితమంతా పోరాడారు. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. 2013లో దాని మీద కొత్త చట్టమూ వచ్చింది. ఆ పని పోవాల్సిందే, ఎందుకంటే దాన్ని మిషను చేయగలదు, సరైన మరుగుదొడ్డి చేయగలదు. మనిషి అక్కడ ఉండాల్సిన అవసరమే లేదు. పిల్లవాడిని కడగడం అట్లాంటిది కాదు. దాన్ని మిషను చేయలేదు. తల్లి చేస్తుంది, ఆసుపత్రిలో నర్సమ్మ చేస్తుంది. నర్సు చేస్తే వైద్యం, మనవాళ్లు చేస్తే పెంట ఎత్తడం ఎట్లా అవుతుంది? పేరు మార్చాల్సింది, జీతం మార్చాల్సింది, చేసేవాళ్ల కులం ఒక్కటే కాకుండా చూడాల్సింది ఆ పనికి. ఆ పనినే వదిలేస్తే పిల్లవాడు గుడ్డల్లో ఉండిపోతాడు.

ఇంకొక సంగతి కూడా తమ్ముళ్లకు చెప్పాలి. మనకు ఈ పని హాస్టల్లోనే వచ్చింది. మా బ్యాచ్‌లో పోలియో వచ్చిన స్నేహితుడొకడు ఉండేవాడు. రెండు కాళ్లకూ క్యాలిపర్లు. హాస్టలు బాత్రూములకు నాలుగు మెట్లు. పొద్దున్నే బకెట్టు ఒక చేత్తో, వాడు వీపు మీద. వంతుల పట్టిక రాసి గోడకు అంటించుకున్నాం. వంతు తప్పితే ఆ రోజు పప్పులో వాడి ఉల్లిపాయ మనకు లేదు! వానాకాలం క్యాలిపరు కీలు విరిగితే బస్టాండు దగ్గర వెల్డింగు షాపుకు తీసుకుపోయి అతికించుకొచ్చాం. మేస్త్రీ డబ్బులు తీసుకోలేదు. మావాడికి వెల్డింగు మీద మనసు పడింది ఆ రోజే అంటాడు. ఆ వీపు మీద మోసిన పనిని మేము ఎవరమూ ఆయా పని అనలేదు. జీతం లేదు కాబట్టి అది స్నేహం అయింది. జీతం రాగానే అది తక్కువ పని అయిందన్నమాట. ఈ లెక్క మాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ పోలియో మన దేశంలో ఇప్పుడు లేదు. చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్లో వచ్చింది, 2014 మార్చిలో పోలియో లేని దేశమని ప్రకటించారు. ఇప్పటి పిల్లలకు క్యాలిపర్లకంటే కుర్చీలు, నిలబెట్టే ఫ్రేములు, వాకర్లు ఎక్కువ కావాలి. అవి ఒక్కొక్క పిల్లవాడికి ఒక్కొక్క కొలత. పెద్ద కంపెనీలో వెయ్యి ఒకేసారి చేస్తే కుదరదు. పిల్లవాడు పెరుగుతుంటే ఆరు నెలలకోసారి మార్చాలి. అంటే మండలానికో వర్క్‌షాపు కావాలి. ఆ వర్క్‌షాపులో పిల్లవాడిని ఎత్తుకోవడం తెలిసిన వెల్డరు కావాలి. అట్లాంటివాడు ఏ కాలేజీలోనూ తయారు కాడు. అటు ఇటు మారినవాడే తయారవుతాడు.

ఇది మా కల్పన కాదు. జైపూర్ పాదం గురించి వినే ఉంటారు. 1968 ప్రాంతంలో దాన్ని చేసింది డాక్టరు పి.కె. సేఠీ గారూ, రామచంద్ర శర్మ అనే శిల్పకారుడూ కలిసి. శర్మ గారు పెద్దగా చదువుకున్నవారు కాదు. జైపూరులోని సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో కుష్ఠు రోగులకు చేతిపనులు నేర్పడానికి వచ్చిన మనిషి. అప్పటిదాకా మనవాళ్లకు ఇచ్చే కృత్రిమ పాదం బూటు వేసుకుని కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం చేసింది. దాంతో పొలంలో నడవలేరు, గొంతుక్కూర్చోలేరు, బాసిపట్టు వేయలేరు. శర్మ గారు రబ్బరుతో, కొయ్యతో, వట్టి కాలితో బురదలో నడిచే పాదాన్ని చేశారు. 1981లో సేఠీ గారికి మెగసెసే వచ్చింది. ఇవ్వాల్సిందే. కానీ శిల్పి పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఆళ్లగడ్డ తమ్ముళ్లను ప్రత్యేకంగా అడుగుతున్నాం. మీ ఊరి రోడ్డు పొడవునా ఉలి శబ్దమే. దేవుడి పాదాన్ని వేలి గోరుతో సహా చెక్కే చేతులు అక్కడున్నాయి. మోకాలి కింద కాలు పోయిన మనిషికి తొడుగు చేయాలంటే, మిగిలిన కాలుకు ముందు పట్టీతో అచ్చు తీసి, ఆ అచ్చులోంచి బొమ్మ పోసి, ఎక్కడ ఎముక ఒరుసుకుంటుందో అక్కడ చెక్కి సరిచేయాలి. అది శిల్పి పని కాక మరేమిటి? ఆళ్లగడ్డలో చెక్కిన విగ్రహాలు ఎక్కడెక్కడికో పోతున్నాయి, ఆళ్లగడ్డ మనిషి మాత్రం కాలు కోసం ఊళ్లు దాటి పోతున్నాడు.

ఇంకా దూరం పోతే, మెక్సికోలో అహోయా అనే కొండపల్లెలో 1981లో ప్రోహిమో అనే కేంద్రం మొదలైంది. అక్కడ కుర్చీలు వెల్డు చేసేదీ, కాళ్లకు పట్టీలు కట్టేదీ, పిల్లలకు కసరత్తులు నేర్పేదీ పల్లెవాళ్లే. వాళ్లలో ఎక్కువమంది వికలాంగులే. చక్రాల కుర్చీలో కూర్చుని చక్రాల కుర్చీ తయారుచేసేవాళ్లు. డేవిడ్ వెర్నర్ ఆ అనుభవాలతో 1987లో రాసిన పుస్తకం చాలా దేశాల భాషల్లోకి పోయింది. అందులో బొమ్మలు చూసి పల్లెటూరి వడ్రంగి కూడా పని మొదలుపెట్టవచ్చు. మావాడి చేతిలో దాని జిరాక్సు కాపీ ఉంది, మసి పట్టి సగం పేజీలు నల్లబడ్డాయి.

ఇక అటు నుంచి ఇటు వచ్చినవాడి సంగతి. పిల్లలను వదిలేసి లేత్ దగ్గరికి పోయాడని వాడిని ఎంతమంది ఎన్ని మాటలన్నారో! "పిల్లలను కొట్టి ఉంటాడు, తీసేసి ఉంటారు" అన్నవాళ్లు కూడా ఉన్నారు. వాడు పోయింది జీతం చాలక. ఏడేళ్లు పనిచేసినా హెల్పరే. పెళ్లయింది, కొడుకు పుట్టాడు, ఇంటి అద్దె. ఒకసారి నాలుగు నెలలు జీతం ఆగింది. అడిగితే "ఇది సేవ బాబూ" అన్నారు. ఆ సంస్థ పేరు రాయం, ఎందుకంటే ఆ మాట ఒక్కచోట విన్నది కాదు. సేవ అంటే జీతం అడగకూడదని ఎవరు పెట్టిన రూలు? సేవ అన్న మాట జీతం ఇచ్చేవాడి నోట్లోంచి వచ్చినప్పుడల్లా జేబు తడుముకోండి తమ్ముళ్లూ.

వాడు ఇంకో మాట కూడా చెప్పాడు, అది చెప్పడానికి వాడికి పదేళ్లు పట్టింది. ఆ ఏడేళ్లలో ముగ్గురు పిల్లలు చనిపోయారు. వాడి చేతుల్లో అన్నం తిన్న పిల్లలు. మరునాడు ఆ మంచం మీద ఇంకో పిల్లవాడు. ఏడవడానికి ఎవరూ సెలవు ఇవ్వరు. "ఇనుము చచ్చిపోదు కదరా" అన్నాడు. మేము ఆ రోజు వాడితో ఇంకేమీ వాదించలేదు.

లేత్ దగ్గర వాడు బాగానే కుదురుకున్నాడు. బోరు మోటారు షాఫ్టులు, బుష్‌లు చేస్తాడు. అయితే అక్కడా మొదటి రెండేళ్లు చీపురే. ఏడేళ్ల అనుభవం ఉన్న మనిషి ముప్పై ఏళ్లకు పదహారేళ్ల అప్రెంటిసు పక్కన నిలబడి తుక్కు ఊడ్చాడు. ఇటు పోయినవాడిదీ అదే కథ. పన్నెండేళ్ల వెల్డరు ఆశ్రమంలో జీరో నుంచి మొదలుపెట్టి, వర్క్‌షాపు కూలిలో సగానికి కాస్త పైన తీసుకున్నాడు. మన దేశంలో ఒక పని నుంచి ఇంకో పనికి పోతే వెనక చేసినదంతా తుడిచేస్తారు. ఇంజనీరు పోయి ఎం.బి.ఎ. చదివితే అది అదనపు అర్హత. వెల్డరు పోయి పిల్లలను చూసుకుంటే అది పతనం!

ఇక్కడ మేము ముగ్గురం ఒక్క మాట మీద ఉన్నాం. పోవాలనుకున్న తమ్ముడు కాగితం లేకుండా పోవద్దు. 1992లో పునరావాస మండలి చట్టం వచ్చింది. దాని ప్రకారం ఢిల్లీలోని ఆర్.సి.ఐ. గుర్తించిన కోర్సు చదివి, దాని రిజిస్టరులో పేరు ఎక్కితేనే ప్రత్యేక ఉపాధ్యాయుడు అవుతాడు. సికింద్రాబాదులో 1984లో పెట్టిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, ఇప్పుడు పేరు మారి ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అయింది, అక్కడ ఇట్లాంటి కోర్సులు ఉన్నాయి. ప్రత్యేక విద్య డిప్లొమాకు ఇంటరు ఉండాలి. ఐటీఐతో ఆగినవాళ్లు ఓపెన్ ఇంటరు కట్టండి. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు మామూలు బడుల్లో కూడా ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని తీర్పు ఇచ్చింది, 2025 మార్చిలో పోస్టులు ప్రకటించమని రాష్ట్రాలకు మళ్లీ చెప్పింది. అదే ఏడాది మన రాష్ట్రం 2,260 పోస్టులు మంజూరు చేసింది. మావాడి దగ్గర కాగితం లేదు. నలభై దాటాక ఓపెన్ ఇంటరు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాడు. పదేళ్ల ముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదంటాడు. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాం.

అయితే ఆ పోస్టులన్నీ పాఠం చెప్పేవాళ్లవి. కడిగేవాళ్లకు, తినిపించేవాళ్లకు, కుర్చీ కట్టేవాళ్లకు పోస్టు ఎక్కడుంది? 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 అయింది, అంతకుముందు 3,000. మంచిదే. అయితే మా దగ్గరి తల్లులను అడిగితే, పింఛను వచ్చింది గానీ పట్టుకునే చేయి రాలేదంటారు. బిడ్డను ఎవరి దగ్గర పెట్టి కూలికి పోవాలి? సర్కారు ఐటీఐల్లోనే ఈ పరికరాల పని ఒక భాగంగా పెట్టి, భవిత కేంద్రాలకు ఆ పిల్లలను వారానికొక రోజు పంపితే ఖర్చు ఎంత? వెల్డరు ట్రేడులో ప్రాక్టికల్సుకు ఎట్లాగూ గొట్టాలు కోసి పారేస్తారు. ఆ కోసిన గొట్టాలే చాలు. మన ఫిట్టరు దీనికి కూడా ఒప్పుకోలేదు. "మళ్లీ మన పిల్లలనే పంపుతారు, పాలిటెక్నిక్ పిల్లలను పంపరు" అన్నాడు. సరే, వాళ్లనూ పంపమనే అడుగుదాం.

ఇంత రాశాక ఒక మాట మన ఇంటి గురించి కూడా రాయాలి. పోయిన వార్షికోత్సవం నాడు మా పోలియో స్నేహితుడు కూడా వచ్చాడు. ఇప్పుడు మూడు చక్రాల స్కూటరు మీద తిరుగుతాడు, ఉద్యోగం చేస్తున్నాడు. వేపచెట్టు దాకా స్కూటరు మీద వచ్చాడు. వరండా ఎక్కలేదు. మెట్లు అలాగే ఉన్నాయి. ఇరవై ఆరేళ్ల తరువాత కూడా మేమే ఎత్తుకుని లోపలికి తీసుకుపోయాం. ఇప్పుడు మా నడుములు అప్పటివి కావు, వాడి బరువు కూడా అప్పటిది కాదు. నవ్వుకున్నాం గానీ వాడు నవ్వలేదు. ఈ హాస్టల్లో చేరాల్సిన పిల్లవాడు ఎవరైనా ఆ మెట్లు చూసి వెనక్కి పోయాడేమో మనకెట్లా తెలుస్తుంది?

అందుకని ఆ రోజే టేపు తెప్పించి కొలిచాం. వరండా ఎత్తు 18 అంగుళాలు. ర్యాంపుకు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి, అంటే 18 అడుగులు. వేపచెట్టు అరుగు దాకా ఉన్నది 14 అడుగులే. తొమ్మిది అడుగులు తిన్నగా పోనిచ్చి, అక్కడ అయిదడుగుల చదును ఇచ్చి, మలుపు తిప్పి మిగిలిన తొమ్మిది అడుగులు పోవాలి. వెడల్పు నాలుగడుగులు. చేతిపట్టు గొట్టాలు రెండు వరసలు: ఒకటి మూడడుగుల ఎత్తులో, పిల్లలకు ఇంకొకటి రెండున్నర అడుగుల దగ్గర. బాత్రూములో పట్టుకునే కడ్డీలు రెండు. గొట్టాలు, వెల్డింగు మావి. సిమెంటు, కంకర 2004 బ్యాచ్ అన్నలు ఇస్తామన్నారు. వార్డెన్ సారు పైఆఫీసుకు రాసిన లెటరు కాపీ మా దగ్గర ఉంది. ఒక్కటే చిక్కు. మలుపు తిరిగేచోట కుళాయి దిమ్మె అడ్డం వస్తోంది, దాన్ని మూడడుగులు జరపాలి. మా ముగ్గురిలో పైపుల పని తెలిసినవాడు ఎవడూ లేడు. మీలో ఉంటే ఈ వార్షికోత్సవానికి ఒక రోజు ముందే రండి.